దేవుని పిడికెడు

తల్లి గర్భంలో, మనిషి కన్ను చేరని చోట, దీపం లేకుండా పని చేసే దేవునికి స్తోత్రం. చిన్నదాన్ని చూసి చులకన చేయనివానికి, పెద్దదాన్ని చూసి మోసపోనివానికి స్తోత్రం. మనల్ని తూచి, తక్కువైనామని తెలిసి కూడా పారవేయనివానికి మహిమ కలుగును గాక. ఆయన మహిమను ముందుగానే చెప్పుకున్నాను. ఇకమీద చెప్పబోయే దానిలో నాకు మహిమ ఏమీ లేదు.

పోయిన నెల మహబూబ్‌నగర్ దవాఖానలో నా మనుమరాలికి ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ పిల్లను తూకం తట్టలో పడుకోబెట్టి ముల్లు చూసింది. "తక్కువ బరువు తాతా. జర పైలంగ సూస్కోవాలె" అంది. తల్లి నెలలు నిండేదాకా ఏం తిన్నదో, జ్వరాలేమైనా వచ్చాయో, బరువులు మోసిందో అడిగి కాగితం మీద రాసుకుంది. "ఫికర్ జెయ్యకు, బతుకుతది" అని పిల్లను గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది.

ఆ బరువు నాకు తెలుసు. నలభై ఏళ్లు దాటింది, ఒక ముసలామె అంతే బరువును నా చేతుల్లో పెట్టి, "ఎంతుంటది సెప్పు" అని అడిగింది. పిల్లను తల్లి పక్కన పడుకోబెట్టి వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

ఆమె పేరు రాయను. ఆమె సంతతి ఇప్పటికీ ఆ సంఘంలో ఉన్నారు. ఆ రోజుల్లోనైనా ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు. వాడకంతా ఆమె అవ్వ.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మిషనువారు నన్ను కొత్తకోటకు నాలుగు కోసుల దూరంలోని ఒక పల్లెకు పంపారు. బడి చెప్పాలి, వాక్యం చెప్పాలి. నిజాం రాజ్యం. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతున్నా లెవీ పేరుతో మా కల్లాల దాకా వచ్చి జొన్నలు కొలుచుకుపోయేది. వాడలో బాప్తిస్మం పొందిన ఇళ్లు ముప్పై దాకా ఉండేవి. ఎవరికీ చారెడు భూమి లేదు. మగవాళ్లు దొర దగ్గర జీతం ఉండేవారు. ఆడవాళ్లు దొర చేలల్లో కూలికి పోయేవారు, వంతుల ప్రకారం ఆయన ఉండే గడీలో వెట్టికి వడ్లు దంచేవారు. మట్టిగోడల మీద గడ్డి కప్పిన ఒక గది ఆదివారం గుడి, మిగతా రోజులు బడి.

మిషను ఇచ్చే జీతం ఉప్పుకూ బట్టకూ సరిపోయేది. తిండి సంఘం పెట్టేది. ప్రతి ఇల్లాలూ పొద్దున విసుర్రాయి ముందు కూర్చునేటప్పుడు ఆ రోజు జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి చిన్న ముంతలో వేసేది. అది దేవుని భాగం. శనివారం అవ్వ పెద్ద కుండ చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలు కుమ్మరించుకుని వచ్చేది. ఆదివారం కుండ గుడిలో బల్ల ముందుండేది. ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చేది.

అవ్వ పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ఎడమ చంకన కుండ మోయడంతో నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. చంకన కుండ లేనప్పుడు కూడా ఉన్నట్టే నడిచేది. గడప మీద పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, "దేవుని పిడికెడు!" అని కేక వేసేది. ముంతను ఒకసారి చేత్తో ఎత్తి చూసేది, అంతే. ఎన్ని రోజులు వేశారు, ఎన్ని రోజులు ఎగ్గొట్టారు అన్నీ ఆ చేతికి తెలిసిపోయేవి.

"ఏమే, గిదేం పిడికిలి? పిల్లిపంజా లెక్కుంది. దేవుడు వాన గిట్లనే ఇస్తే ఏం జేస్తవ్?"

"గిట్లనే ఇస్తాండు గదా అత్తా! మొగులు దిక్కు సూస్తలేవా?"

"నోరైతే మంచిగ పెరిగింది. గా నోరంత పిడికిలుంటే నా కుండ నిండు."

ఇద్దరూ నవ్వేవారు. అవ్వ నోట్లో ఎప్పుడూ పొగాకు ఉండేది. ప్రభువు ప్రార్థన మొదలుపెట్టగానే దాన్ని దవడ పక్కకు తోసి కళ్లు మూసుకునేది. తన వంతు వచ్చినప్పుడు ఆమె ప్రార్థన వేరే రకం. "ఇంటున్నవా తండ్రీ?" అని మొదలుపెట్టేది. ఏమీ అడిగేది కాదు. ఎవరింట్లో జొన్నలైపోయాయో, ఎవరి మొగణ్ణి గడీలో కొట్టారో, ఎవరికి చలిజ్వరం తిరగబెట్టిందో చెప్పి, "నీకు ఎరుక జేస్తున్న" అని ముగించేది. ఆమేన్ మేము అనుకోవలసిందే.

ఆ చేతికి పసిపిల్లల బరువు కూడా తెలుసు. నా పెద్దకొడుకు పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో ఎత్తి, "అబ్బబ్బా, మూడు శేర్లకు మీదనే అయ్యగారూ! అమ్మగారు మస్తు మేసినట్టుంది!" అని వాడంతా వినబడేట్టు అరిచింది. నా భార్య సిగ్గుపడి మొహం తిప్పుకుంది. నేను మురిసిపోయాను. ఆమె మేసింది ఏ జొన్నలో అప్పుడు నాకు తట్టలేదు.

ఇప్పుడు నా మాట చెప్పాలి. ఒక కోత పండుగ ఆరాధనలో కృతజ్ఞతను గూర్చి ప్రసంగిస్తూ, "ఒక ప్రాణమున్నవారు ఒక పిడికెడు ఇస్తున్నారు. తమలో రెండు ప్రాణాలు పొందిన తల్లులు రెండు పిడికిళ్లు ఇవ్వరాదా?" అన్నాను. ఏ పెద్దా నన్ను అట్లా చెప్పమనలేదు. మాట బాగుందనిపించి చెప్పాను. గుడిలో ఆడవాళ్లు తలలూపారు. అవ్వకు అది ధర్మశాస్త్రమైంది. మరుసటి శనివారం నుంచి నిండు మనుషుల గడపల మీద నాలుగు దెబ్బలు కొట్టేది. "దేవుని రెండు పిడికిళ్లు! ఒకటి నీది, ఒకటి లోపలిదానిది!"

ఆ వాడలో అంతకు ముందే ఒక కట్టుబాటు ఉండేది. కడుపుతో ఉన్న ఆడది సగం తినాలి. బిడ్డ పెద్దగా పెరిగితే కాన్పు కష్టమవుతుంది. మేము పాలమూరనే మహబూబ్‌నగర్‌లోని దవాఖానకు బండి మీద ఒకటిన్నర రోజు. అడ్డం తిరిగిన బిడ్డతో బండెక్కిన ఆడది తిరిగి రావడం ఎవరూ చూడలేదు. అవ్వ ఒక్కగానొక్క కూతురు అట్లాగే పోయింది. బొద్దుగా పెరిగిన మనుమడు లోపలే ఉండిపోయాడు. అప్పటి నుంచి ఏ ఇంట కోడలు నెల తప్పినా అవ్వ వెళ్లి అత్త పక్కన కూర్చునేది. "జర తక్కువ పెట్టు. కడుపుల జాగ ఒక్కటే. జొన్నగట్క నింపితే బిడ్డకు జాగుండదు, బిడ్డ నింపుకుంటే నీ కోడలు దక్కదు." అది పగ కాదు, భయం. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా ఇళ్లలో కుండలో ఉన్నదే సగం. లేక తినలేదనుకోవడం కంటే కట్టుబాటని తినలేదనుకోవడం వాళ్లకు తేలిక. ఆ సగంలోంచి నేను రెండు పిడికిళ్లు తీయించాను.

పిల్లలు చిన్నగా పుట్టేవారు. తల్లులు చాలావరకు పదహారు పదిహేడేళ్ల పిల్లలే. చలిజ్వరంతో పసుపుపచ్చగా ఉండేవారు. నొప్పులు మొదలయ్యే రోజు దాకా గడీలో రోకలి వేసేవారు. "సుకంగ కన్నది, ఎలుకపిల్లను కన్నట్టు" అని మెచ్చుకునేవారు. ఆ ఎలుకపిల్లలకు రొమ్ము పట్టే బలం ఉండేది కాదు. చలికాలమైతే అట్లాగే చల్లబడిపోయేవి. నేను గుంట దగ్గర నిలబడి, తోటమాలి తన తోటలోని మొగ్గను కోసుకున్నాడని చెప్పేవాణ్ని. ఎన్నోసార్లు చెప్పాను. మొక్కకు నీళ్లెవరు ఆపారని ఒక్కసారి కూడా అడగలేదు.

అవ్వకు ఒక్క కొడుకు మిగిలాడు. కోడలు బాప్తిస్మానికి వచ్చినప్పుడు, అత్తను విడిచిపోనన్న ఆ మోయాబు కోడలి కథ నేను చెప్పగా విని, "గా పేరే పెట్టు మా పిల్లకు. నన్ను ఇడిసి పోకుంటుంటది" అంది అవ్వ. అట్లా ఆమె రూతమ్మ అయింది. రూతమ్మ మొదటి బిడ్డ మూడో రోజు పోయింది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు అవ్వ ఇంకా భయపడి, ఇంకా తగ్గించి పెట్టింది. రెండు పిడికిళ్లు మాత్రం ఒక్క రోజు తప్పనివ్వలేదు. సంఘపు కుండ మోసే మనిషి తన ఇంట ఎగ్గొడుతుందా?

ఆ బిడ్డ పుట్టిన పొద్దున చలి బాగా ఉంది. ప్రార్థనకు రమ్మని కబురొస్తే వెళ్లాను. అవ్వ వాకిట్లో ఎండలో కూర్చుని ఉంది, ఎదురుగా చాటలో పాత చీర గుడ్డ మీద బిడ్డ. అవ్వ బిడ్డను అరచేతిలోకి ఎత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. శనివారం ముంతలు ఎత్తి చూసినట్టే చూసింది. ఆమె దవడ కదలడం ఆగిపోయింది.

"శేరున్నర లేదు" అంది. తరువాత, "గీ తక్కువ ఎంతనో నాకెరుక అయ్యగారూ" అంది. ఏమిటని అడిగే లోపే బిడ్డను గుడ్డలో చుట్టి లోపలికి తీసుకుపోయింది.

నాలుగో రోజు బిడ్డ పోయింది. గుంట దగ్గర నేను తోటమాలి మాట మొదలుపెట్టాను.

"అయ్యగారూ, గది సెప్పకు."

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె మట్టి పిడికిట్లోకి తీసుకుని, "ఇంటున్నవా తండ్రీ? కడుపు మాడ్చి పంపినం. ఎరుక జేస్తున్న" అని మట్టి వేసి వెళ్లిపోయింది.

ఆ శనివారం కుండతో బడికి వచ్చింది. పిల్లలింకా రాలేదు. కుండ నా ముందు దించి, "ఎత్తు" అంది. ఎత్తాను.

"మొన్న నా చేతిల తక్కువైంది గిందుల ఉన్నది. నిండు నెలలూ రోజుకు రెండు పిడికిళ్లు. గంపెడు జొన్నలు అయ్యగారూ. మా రూతమ్మ పెయ్యిల ఉండేటియి. బిడ్డ తొడలల్ల ఉండేటియి. నేను సంకన బెట్టుకొచ్చి నీకిచ్చిన."

"దేవునికిచ్చినదాన్ని అట్లా అనకూడదు అవ్వా. సారెపతు విధవరాలు ఉన్న పిడికెడు పిండి దైవజనుడికే పెట్టింది. ఆమె తొట్టిలో పిండి తగ్గలేదు."

"గా తల్లి తొట్టిల తగ్గలే. మా కుండల తగ్గుతాంది. నేను సేత్తోని ఎత్తి సూసి సెప్తున్న."

"మరి బిడ్డ పెద్దగైతే ప్రాణం పోతుందని నువ్వే కదా అవ్వా..."

"అన్న. నా బిడ్డ సచ్చింది నిజం. గా ఒక్క సావు సూసి ఊరి కడుపులన్నీ కట్టిపెట్టిన." కుండ అంచు పట్టుకుని నిలబడింది. "నా మాట నేను మార్చుకుంట. నీ మాట నువ్వు మార్చుకో. వచ్చే ఆదివారం గుడిల సెప్పు."

"ఆలోచిస్తాను" అన్నాను. లెవీ కింద జొన్నలు ఎత్తుకుపోయిన ఏడాది అది. ఆ కుండే లేకపోతే మా పొయ్యి ఏమవుతుందనే నేను ఆలోచించింది. ఆ ఆదివారం చెప్పలేదు. తరువాతి ఆదివారమూ చెప్పలేదు.

అవ్వ ఇక నన్ను అడగలేదు. నిండు మనిషి ఉన్న గడప మీద కొట్టేటప్పుడు కేక వేయడం మానేసింది. ముంత తీసుకోకపోగా కుండలోంచి తన పిడికిలితో రెండుసార్లు తీసి ఆ ఇంటి చాటలో పోసేది. "పూర తిను. భయమైతే భయపడుకుంటనే తిను."

ఏడాది తిరిగేసరికి రూతమ్మ మళ్లీ నెల తప్పింది. ఈసారి అత్త కోడలికి ముందు వడ్డించి, మిగిలింది తాను తినడం వాడంతా చూసింది.

"ఏందమ్మో, ఇంట్ల అత్తవా, కోడలివా?" అని పక్కింటామె ఎగతాళి చేసింది. "పిల్ల బండరాయి లెక్క పెరిగి అడ్డం వడితే తెలుస్తది."

రూతమ్మ పళ్లెం పక్కకు జరిపింది. "అత్తా, నాకు భయమైతాంది. ఆడబిడ్డ లెక్క నేను గూడ పోతే?"

"నాకు గూడ అయితాంది బిడ్డా. తిను."

గడీలో కోడలి వంతు వచ్చిన రోజుల్లో అవ్వే పోయింది. "రోకలి ఎవరి సేతులున్నా దొరకొకటే" అని ఒరిగిన నడుముతో వడ్లు దంచింది. సాయంత్రం వచ్చి పరిగె ఏరుకొచ్చిన జొన్నకంకులు నలిపి కోడలికి గట్క పోసేది.

కుండ తేలికైన సంగతి సంఘపెద్దలకు తెలిసింది. ఆరు నెలలకొకసారి సవారి బండిలో వచ్చి రొట్టె, ద్రాక్షారసంతో ప్రభువు బల్ల ఇచ్చే పెద్ద అయ్యగారు వచ్చిన రోజున ఆమెను గుడిలో నిలబెట్టారు.

"దేవుని ధాన్యం అడగకుండా తీసినవా?" అన్నాడు ఒక పెద్ద.

"దేవుణ్ణి అడిగిన. నిన్నే అడగలే."

వెనక ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద అయ్యగారు చెయ్యెత్తి, "నిండు గర్భిణులు రెండు పిడికిళ్లు ఇవ్వాలన్న కట్టడ ఈ సంఘంలో ఎవరు పెట్టారు?" అని అడిగారు.

అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. దావీదు ఆకలిగొన్ననాడు దేవుని సన్నిధి రొట్టెలు తీసుకుని తిన్న సంగతి నా నాలుక మీదే ఉంది. యాజకుడే తన చేత్తో ఇచ్చాడని, ప్రభువే దాన్ని ఎత్తి చూపాడని నాకు తెలుసు. లేచి ఆ ఒక్క మాట అంటే చాలు. నేను పెద్ద అయ్యగారి చెప్పుల మీది దుమ్ము చూస్తూ కూర్చున్నాను.

"నేనే పెట్టిన" అంది అవ్వ. "తెల్వక సెప్పిన. ముసల్దాన్ని."

ఇక నుంచి ప్రతి ఇంటికీ ఒక్క పిడికెడే అని తీర్మానించారు. కుండ ఇంకొకరి చేతికిచ్చారు. సంఘపు ధాన్యం తీసినందుకు పెద్ద అయ్యగారు మళ్లీ వచ్చేదాకా అవ్వను ప్రభువు బల్లకు దూరం పెట్టారు. ఆ పూటే రొట్టె, గిన్నె వరసలో తిరిగాయి. పళ్లెం పట్టుకుని నడిచింది నేనే. ద్వారం దగ్గర కూర్చున్న ఆమె ముందు నుంచి దాటిపోయాను. ఆమె పొగాకు తీసి కొంగున ముడేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

బయటికి వచ్చాక, "ఎందుకు అట్లా చెప్పావు అవ్వా?" అన్నాను.

"నిన్ను ఎల్లగొడితే పోరగాళ్లకు అచ్చరాలెవరు సెప్తరు?" అంది. కోపం లేదు.

వానలు పడుతున్న రోజుల్లో, మధ్యాహ్నం వేళ, రూతమ్మ కన్నది. ఈసారి కబురు పంపింది అవ్వే. రూతమ్మ గోడకు ఆనుకుని ఉంది. అలసిపోయింది, కాని ప్రాణంతో ఉంది. కాన్పు కష్టం కాలేదు. అవ్వ బిడ్డను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"సేతులు సాపు."

చాపాను. ఆడపిల్లను పెట్టింది.

"ఎంతుంటది సెప్పు."

ఆమె చేసినట్టే ఒకసారి ఎత్తి చూశాను.

"ఇంక తక్కువనే. రెండు శేర్లకు మీద జర" అంది అవ్వ. "సలిజరం తినంగ, గడీ తినంగ, లెవీ తినంగ మిగిలింది గింతనే. పోయిన బిడ్డకు గీ బిడ్డకు నడుమ ఉన్నది సూడు, గవ్వి నేను దొంగలించిన జొన్నలు."

బిడ్డ నా బొటనవేలు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. అవ్వ అది చూసి, "పట్టుకుంటాంది. బతుకుతది" అంది.

ఆ పిల్ల బతికింది.

అవ్వ మరి ఎక్కువ రోజులు లేదు. వానలు వెనుకబట్టేనాటికి చలిజ్వరం ఆమెను పట్టింది. ఏడాదిగా సగం తిని, రెండు వంతులు దంచిన ఒంట్లో జ్వరానికి ఎదురు నిలిచేది ఏమీ మిగల్లేదు. పెద్ద అయ్యగారు రావడానికి ఇంకా నెల ఉంది. బల్ల ఇచ్చే అధికారం నాకు లేదు. అధికారమున్నా ఆ రోజు నా చెయ్యి లేచేదో లేదో.

నేను వెళ్లి మంచం పక్కన కూర్చుంటే కళ్లు తెరిచింది.

"అయ్యగారూ, తిన్నవా?"

మా దిక్కు మనిషి కనబడితే అందరూ అడిగే మాటే అది. ఆమె ఆరేళ్లుగా నన్ను రోజూ అడిగిన మాటే.

"తిన్నాను అవ్వా."

"మంచిది" అంది. కళ్లు మూసుకుంది. తెల్లారి పోయింది. గుంట దగ్గర తోటమాలి మాట చెప్పలేదు. రూతమ్మ చంకలో పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది.

ఆ తరువాత నేను అభిషేకం పొందాను, సంఘాలు కట్టాను, ఎన్నో బల్లలు పంచాను. రెండు పిడికిళ్ల కట్టడ నాదని ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. ఆ జొన్నలతో బొద్దుగా పెరిగిన నా కొడుకు బిడ్డే, పోయిన నెల దవాఖానలో తక్కువ బరువు పిల్లను కన్నది. నేను శిక్ష అనడం లేదు. దేవుడు పసిపిల్లలతో లెక్క తీర్చుకునేవాడు కాడు. ఆ బరువును మాత్రం ఆయన నా చేతుల్లో మళ్లీ పెట్టాడు.

చదువుతున్న సహోదరీ సహోదరులారా, నాతో కలిసి ప్రార్థించండి. చేతులు జోడించకండి. పిడికిళ్లు విప్పి, అరచేతులు పైకి చాపండి. అందరికీ పెట్టి చివర తినే తల్లుల కోసం, వాళ్ల కంచంలోంచి తీసి నీకిచ్చామనుకున్న మా కోసం, బరువెక్కక ముందే పోయిన పిల్లల కోసం, బల్లకు దూరంగా ద్వారం దగ్గర కూర్చుని పోయిన ఒకామె కోసం అడుగుతున్నాం ప్రభువా. నీ రాజ్యంలో ఆమెకు ముందు వడ్డించు.

ఇంటున్నవా తండ్రీ? ఆ కట్టడ పెట్టింది నేను. ఎరుక జేస్తున్న.

ఆమేన్.